బిల్ వాల్ష్: బలం చాలనిచోట పుట్టిన విద్య

అమెరికన్ ఫుట్‌బాల్‌ను తొలిసారి చూసేవారికి భారీ మనుషులు ఒకరినొకరు గుద్దుకోవడమే కనిపిస్తుంది. ఆ గుద్దులాట నడుమ గడియారంలా నడిచే పాస్‌ల పద్ధతిని పెంచి పోషించినవారు బిల్ వాల్ష్. ఆయన శిక్షణలో శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు 3 సూపర్ బౌల్స్, అంటే లీగ్ చాంపియన్‌షిప్ పోటీలు, గెలిచింది. ఆ గెలుపులకంటే ఆయన వదిలివెళ్లిన పద్ధతే గొప్పదని నా నమ్మకం.

దానికి మూలం ఒక ఆటగాడి గాయం. వాల్ష్ సిన్సినాటి బెంగాల్స్ జట్టులో సహాయ కోచ్‌గా ఉండగా, 1969లో గ్రెగ్ కుక్ అనే కుర్రాడు క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే పాస్‌లు విసిరే ఆటగాడిగా, వచ్చాడు. బంతిని ఎంతో దూరం విసరగలడు. మొదటి ఏడాదే అతని భుజం దెబ్బతింది. మరుసటి ఏడాది ఆ స్థానంలోకి వచ్చిన వర్జిల్ కార్టర్ చురుకైనవాడు, తెలివైనవాడు. దూరం విసిరే బలం మాత్రం లేదు. వాల్ష్ అతన్ని మార్చాలని చూడలేదు, ఆటనే అతనికి తగినట్టు మార్చారు.

ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్తే బంతి మన దగ్గరే ఉంటుంది. ఆ పది గజాలను ఎక్కువగా పరుగుతో సాధించడం, వీలు చిక్కితే దూరంగా విసరడం అప్పటి అలవాటు. మైదానం వెడల్పు 53 గజాల పైమాటే కదా, దాన్నెందుకు వాడుకోకూడదని వాల్ష్ ఆలోచన. చిన్న చిన్న పాస్‌లతో డిఫెన్స్‌ను అటూ ఇటూ లాగారు. 1971లో విసిరిన పాస్‌లలో అందినవాటి శాతంలో లీగ్ మొత్తానికి కార్టరే మొదటివాడు.

ఇందులో అసలు విద్య పాదాలది. క్వార్టర్‌బ్యాక్ మూడడుగులో ఐదడుగులో వెనక్కి వేస్తాడు. బంతి అందుకునే రిసీవర్ పరుగు కూడా ఆ లెక్కకే కట్టి ఉంటుంది. చివరి అడుగు పడగానే బంతి చేతిని వదలాలి; చాలాసార్లు అప్పటికి రిసీవర్ ఇంకా వెనక్కి తిరిగే ఉండడు. మొదటివాడికి దారి మూసుకుపోతే రెండోవాడు, ఆపై మూడోవాడు. చూపు ఏ వరుసలో తిరగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. పరుగు ఆపకుండా అందుకునేలా బంతి రిసీవర్‌కు కాస్త ముందు పడాలి. విసిరింది ఐదు గజాలే అయినా, అందుకున్నాక అతను ఇంకో పదిహేను పరిగెత్తవచ్చు. 1985లో ఫార్టీనైనర్స్ ఆటగాడు రోజర్ క్రెయిగ్ పరుగుతో వెయ్యి, పాస్‌లు అందుకుని మరో వెయ్యి గజాలు ఒకే సీజన్లో సాధించాడు. అంతకుముందు ఎవరూ చేయని పని అది.

మ్యాచ్‌లో మొదట ఆడాల్సిన పదిహేను ఎత్తుగడలను వాల్ష్ ముందే రాసిపెట్టుకునేవారు. కేకల మధ్య, ఒత్తిడిలో మెదడు సరిగా పనిచేయదని ఆయనకు తెలుసు. ఎదుటి జట్టు వాటిని ఎలా ఎదుర్కొంటోందో కనిపెట్టడానికీ ఆ జాబితా పనికొచ్చేది.

ఆయన దారి సాఫీగా సాగలేదు. 1976లో బెంగాల్స్ ప్రధాన కోచ్ పదవి మరొకరికి దక్కింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం మీదుగా 1979లో ఫార్టీనైనర్స్‌కు వచ్చేసరికి ఆయనకు 47 ఏళ్లు. ఆ ఏడాది 2 గెలుపులు, 14 ఓటములు. అదే ఏడాది కొత్త ఆటగాళ్ల ఎంపికలో, మూడో రౌండ్‌లో, 82వ ఆటగాడిగా జో మోంటానా అనే క్వార్టర్‌బ్యాక్‌ను ఎంచుకున్నారు. మోంటానా భుజబలంపై అనుమానాలున్నాయి. వాల్ష్‌కు కావలసిన పాదాలు, నిబ్బరం అతనిలో ఉన్నాయి. 1981 సీజన్లో ఆ జట్టే చాంపియన్. 1984, 1988 సీజన్లలోనూ గెలిచింది. మూడో విజయం తర్వాత అలసిపోయి ఆయన తప్పుకున్నారు. 2007లో లుకేమియాతో కన్నుమూశారు.

ప్రధాన కోచ్‌లలో నల్లజాతివారే కనిపించని 1987లో, మైనారిటీ కోచ్‌లను శిక్షణ శిబిరానికి పిలిచి పని నేర్పే పథకాన్ని మొదలుపెట్టినదీ ఆయనే. అది నేటికీ ఆయన పేరుతో లీగ్ అంతటా నడుస్తోంది. వాల్ష్ దగ్గర పనిచేసిన మైక్ హోమ్‌గ్రెన్, హోమ్‌గ్రెన్ దగ్గర నేర్చిన ఆండీ రీడ్ కూడా ప్రధాన కోచ్‌లుగా సూపర్ బౌల్స్ గెలిచారు.

వాల్ష్ ప్రధాన కోచ్‌గా తొలి అడుగు వేసింది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, ఒక హైస్కూల్లో. నేడు ఆ ఊళ్లో మన తెలుగు కుటుంబాలు ఎన్నో. అక్కడివారైనా, ఇక్కడ టీవీలో చూసేవారైనా, ఈసారి మ్యాచ్‌లో కాసేపు బంతిని వదిలి క్వార్టర్‌బ్యాక్ పాదాలను గమనించండి.