నేలకు నాలుగంగుళాల పైన

అండమాన్‌లో సాయంకాలానికి తొందర ఎక్కువ. దేశమంతటికీ గడియారం ఒకటే గానీ, ఈ ద్వీపాలు 92 డిగ్రీల తూర్పు రేఖాంశం దాటి ఉన్నాయి. నవంబరులో అయిదు కొట్టకుండానే పొద్దు కుంకుతుంది. జూన్, జూలైల్లో సైతం ఆరు దాటదు. ఆఖరి అరగంట వెలుగు పైనుంచి పడదు, అడ్డంగా వస్తుంది. పడమట గుట్ట అడ్డులేని ఇల్లయి, వరండా తలుపు బార్లా తీసి ఉంటే, ఆ ఎర్రటి కాంతి గచ్చు మీద పాక్కుంటూ వచ్చి పొట్టి సోఫా కిందికి దూరుతుంది. నాలుగంగుళాల సందు. అందులోంచి సాగిపోయి అవతలి గచ్చు మీద సన్నటి గీతై తేలుతుంది. ఆ కాసేపూ సోఫాకి బరువుందని నమ్మలేం. కర్రా పరుపూ దిండ్లూ అన్నీ వెలుగు మోస్తున్నట్టే ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నదంతా ఆ నాలుగంగుళాల గురించే. సోఫా కొనేవాళ్లు గుడ్డ తడిమి చూస్తారు, పరుపు నొక్కి చూస్తారు, ధర అడుగుతారు. అడుగున ఉన్న ఖాళీ వైపు వంగి చూసినవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. ఈ ద్వీపాల తేమలో, ఇక్కడి కర్రతో చేసిన ఆసనానికి ఆ ఖాళీయే ప్రాణస్థానం.

ముందు పొట్టితనం సంగతి. మామూలు సోఫాలో కూర్చునే ఎత్తు 17, 18 అంగుళాలు. అది మర్యాద కోసం పుట్టిన ఎత్తు. పాదాలు నేలకు ఆనుతాయి, వెన్ను నిటారుగా ఉంటుంది, కాఫీ కప్పు ఒలకదు, "మరి మేం బయల్దేరతాం" అని లేవడం తేలిక. పొట్టి సోఫా 12 అంగుళాల దగ్గర ఆగిపోతుంది, కొన్ని 10 దగ్గరే. లోతు మాత్రం మూడడుగులు దాటుతుంది. దాని మీద కూర్చున్నవాడు కూర్చునే ఉండిపోలేడు. ముందు మఠం వేస్తాడు. కాసేపటికి ఒక మోకాలు పైకి లేస్తుంది, మోచేయి దిండు వెతుక్కుంటుంది, నడుం జారుతుంది. పావుగంట గడిచాక ఆ మనిషి కూర్చున్నాడో పడుకున్నాడో తేల్చి చెప్పడం కష్టం.

ఆ రెంటి మధ్య భంగిమకి మన శిల్పుల దగ్గర ఎనలేని గౌరవం ఉంది. ఉండవల్లి గుహలో ఒకే రాతిలో తొలిచిన అనంతశయనుణ్ణి చూడండి. పడుకున్నాడు గానీ నిద్రపోలేదు. మెలకువగానే ఉన్నాడు గానీ ఏ పనీ చేయడం లేదు. శేషుడి చుట్టలు పరుపు, పడగలు తలాపి. లోకాలన్నీ పుట్టించే బ్రహ్మ నాభికమలంలోంచి పైకొచ్చింది స్వామి ఇలా ఒరిగి ఉన్నప్పుడే. నిటారుగా కూర్చుని ఆలోచిస్తేనే పని జరుగుతుందనేవాళ్లకి పురాణం ఇచ్చిన జవాబు ఇదేనేమో.

రసాస్వాదమంటే చిత్తం తనలో తాను విశ్రమించడమని అభినవగుప్తుడు వివరించాడు. ఆయన మనసులో ఉన్నది నాటకం చూసే సహృదయుడు. దాన్ని సోఫా మీదికి లాక్కొస్తే ఆలంకారికులు కోప్పడతారు, తెలుసు. కానీ జమీందారీ మేజువాణీల్లో తెల్లటి పరుపుల మీద బాలీసుకి ఒరిగి పదం విన్న మనిషికీ, ఇనపకుర్చీలో మోకాళ్లు ముడుచుకుని అదే పదం విన్న మనిషికీ రసం ఒక్కలాగే అందిందంటే నేను ఒప్పుకోను. చెవులు ఒకటే, మెడ వేరు. వదులైన మెడలోకి పాట ఇంకో దారిన దిగుతుంది.

యూరప్ సోఫాలకి ఈ సుఖం బాగా ఆలస్యంగా అర్థమైంది. అర్థమైనప్పుడు మాత్రం మూడు నాలుగేళ్ల వ్యవధిలో కుండపోతగా కురిసింది. 1970లో ఇటలీలో మారియో బెల్లీని కమలియోండా చేశాడు: 90 సెంటీమీటర్ల చదరపు మెత్తలు, వాటిని కలిపే తీగలు, కొక్కేలు, రింగులు. ఎవరికి తోచినట్టు వాళ్లు తగిలించుకోవచ్చు, విప్పుకోవచ్చు. 1971లో పారిస్ కంపెనీ రోష్ బొబువా కోసం హాన్స్ హోఫర్ మాజాంగ్ గీశాడు. అవి నేల మీద పేర్చుకునే పరుపులే, మన దివాన్‌కి దగ్గరి చుట్టాలు. 1973లో మిషెల్ డ్యుకరువా టోగో తెచ్చాడు. అందులో కర్ర చట్రమే లేదు. రకరకాల సాంద్రతల ఫోమ్, పైన ముడతలు ముడతలుగా కుట్టిన గుడ్డ, అంతే. మడిచిన టూత్‌పేస్టు గొట్టం చూసి ఆ రూపం తట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆ ముడతలంటే నాకు మోజు. కొత్తగా కొన్నరోజు కూడా ఎవరో ఇప్పుడే దాని మీంచి లేచి వెళ్లినట్టు కనిపించే సోఫా అది ఒక్కటే.

అయితే టోగో పొట్ట నేలకి ఆనించి కూర్చుంటుంది. పారిస్‌లో అది అందం. ఇప్పుడు కాగితాల మీద శ్రీ విజయపురం అయిన పోర్ట్ బ్లెయిర్‌లో అదే దాని చావు. ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన. నైరుతి వదిలిన చోట ఈశాన్యం అందుకుంటుంది. మే నుంచి డిసెంబరు దాకా గచ్చు పూర్తిగా ఆరిన రోజులు తక్కువ. నేలకి అంటుకున్న ఫోమ్ అడుగున చెమ్మ చేరుతుంది, చెమ్మకి బూజు, బూజుకి వాసన. దూది పరుపైతే మరీ త్వరగా పాడవుతుంది. పైనుంచి ఎంత అందంగా ఉన్నా, ఊపిరాడని వస్తువు మీద ఒరిగిన మనిషికి ఆ ఊపిరాడనితనం వీపులోకి తెలుస్తూనే ఉంటుంది.

కార్ నికోబార్ ద్వీపం వాళ్లు ఈ చిక్కుని ఎప్పుడో విప్పేశారు. వాళ్ల సంప్రదాయపు గుడిసె గుండ్రటిది, మనిషెత్తు గుంజల మీద నిలబెట్టింది, పైన గుమ్మటమై వంగిన గడ్డికప్పు. గుమ్మం గోడలో ఉండదు, నేలలో ఉంటుంది. నిచ్చెనెక్కి కింది కంతలోంచి లోపలికి తల పెట్టాలి. లోపల కుర్చీల వరస కనపడదు. సందులు వదిలి కట్టిన బద్దల నేలే కూర్చోడానికి, ఒరగడానికి, పడుకోడానికి. వెనకటి రోజుల్లో పోకచెట్టు పట్ట పరుచుకుంటే పక్క సిద్ధం. అడుగు వేస్తే బద్దలు కాస్త కుంగి మళ్లీ లేస్తాయి. సముద్రపు గాలి గుడిసె కిందినుంచి వచ్చి సందుల్లోంచి వీపుని తాకుతుంది. ఎత్తుకు ఎత్తూ ఉంది, నేలను అంటుకున్న హాయీ ఉంది. పొట్టి సోఫా గురించి నేను కలగనే గుణాలన్నీ ఆ నేలలో ఉన్నాయి, అదీ సోఫా అనే మాటతో పనిలేకుండా.

ఆ ద్వీపానికి పర్యాటకులు వెళ్లే వీల్లేదు, 1956 నాటి ఆదివాసీ రక్షణ నిబంధనలు ఉన్నాయి, ఉండాలి కూడా. పోర్ట్ బ్లెయిర్ మానవశాస్త్ర మ్యూజియంలో గుడిసె నమూనా ఉంది, దాని ముందు నిలబడి ఊహించుకోవాల్సిందే. 2004 డిసెంబరు 26 సునామీ తీరం వెంబడి ఊళ్లని ఊడ్చేసింది. తర్వాత వచ్చిన పునరావాసపు ఇళ్లు రేకులవీ సిమెంటువీ. వాటిని కట్టినవాళ్లకి తొందర ఉంది, లెక్కలున్నాయి. బద్దల సందుల్లోంచి వీపుని తాకే గాలి ఆ లెక్కల్లో పడలేదు.

ఇక కర్ర. ఈ ద్వీపాల అధికారిక వృక్షం పడౌక్. కోసిన కొత్తలో దాని పలక సిందూరపు ఎరుపు. ఏళ్ల తరబడి వెలుగు తాకి తాకి ముదురు గోధుమలోకి దిగుతుంది. అమెరికాలో దానికి వర్మిలియన్ అని పేరుపెట్టి పుల్‌మన్ రైలుపెట్టెల లోపలి పనికి వాడారు. 1883లో మొదలైన ఛాతం రంపపుమిల్లు ఈ కర్రకి పుట్టిల్లు లాంటిది. ఈ ద్వీపాలు తెల్లదొరల శిక్షాస్థలంగా ఉన్న కాలంలో అడవిపనికి ఖైదీల వెన్నులే ఆధారం, ఆ సంగతి మరిచి ఈ ఎరుపుని మెచ్చుకోవడం నాకు చేతకాదు. అయినా మెచ్చుకుంటాను. పడౌక్ నార ఒక పొర ఇటు, మరో పొర అటు మెలితిరిగి పెరుగుతుంది. అందుకే చిత్రిక ఒకవైపు నున్నగా సాగి ఇంకోవైపు రేగ్గొడుతుంది. వడ్రంగుల తిట్లు ఈ కర్ర తిన్నన్ని మరేదీ తిని ఉండదు. ఓపిక పట్టి నునుపు తేల్చాక మాత్రం పలక మీద ముదురు పట్టీ, లేత పట్టీ పక్కపక్కనే పరుచుకుంటాయి. తల కాస్త జరిపితే ముదురుది లేతవుతుంది, లేతది ముదురవుతుంది. కర్ర కదలదు, దాని మీద కాంతి కదులుతుంది. ఎత్తు సోఫాలో ఈ వైభవం చెయ్యి ఆనించే చోట మోచేతి కింద నలిగిపోతుంది. పొట్టి సోఫాలో ఒరిగినవాడి చెంప కర్ర అంచు పక్కనే ఉంటుంది. కళ్లకి జానెడు దూరంలో ఆ పట్టీలు తారుమారవుతుంటే పుస్తకం ఏ పేజీలో ఉందో గుర్తుండదు.

తెల్లదొరల కాలంలో పడౌక్‌తో అతుకు లేని పెద్ద బల్లలు చేసేవాళ్లు. ఆ మహావృక్షం మొదట్లో గోడల మాదిరి పలకవేళ్లు లేస్తాయి. ఒక్క పలకవేరు చెక్కితే పదిమంది కూర్చునే బల్ల. అతుకు లేకపోవడమే అధికారం. విడిభాగాల సోఫా దానికి పూర్తిగా ఎదురు రకం. ఇది అతుకుల కావ్యం. మూడడుగుల పైచిలుకు చదరపు ముక్కలు నాలుగో అయిదో, ఒక్కోదానికీ తన చట్రం, తన బద్దలు, తన పరుపు. ఏ ముక్కకీ పెద్దరికం లేదు. పోర్ట్ బ్లెయిర్ ఇళ్లు గుట్టల వాలులో మెట్ల మీద మెట్లుగా ఉంటాయి, మలుపులు ఇరుకు. నిండు సోఫా మోసుకెళ్లేవాళ్ల పాట్లు చూడాలి. ముక్కలైతే ఇద్దరు చాలు. ఇదే ఊళ్లోని జంగ్లీఘాట్ చుట్టుపక్కల ఉత్తరాంధ్ర కుటుంబాలు ఎన్నో, వైజాగ్ ఓడ వచ్చిన రోజు ఏ ఇంట్లోనైనా నలుగురు దిగుతారు. పగలు ఎల్ ఆకారంలో ఉన్నది రాత్రికి వెడల్పాటి పక్క అవుతుంది, మర్నాడు రెండు ముక్కలు వరండాలోకి నడుస్తాయి. ముక్కకీ ముక్కకీ మధ్య వేలు పట్టేంత సందు వదలమంటాను నేను. అడుగున నాలుగంగుళాలు, పక్కన ఒక వేలు: గాలికి అడ్డమూ నిలువూ దారి ఉంటుంది, చూపుకి లయ ఉంటుంది. గట్టిగా బిగించేస్తే ఎర్రటి దిమ్మ ఒకటి గదిలో పడి ఉన్నట్టే.

ఈ సోఫా నిజంగా ఇక్కడిదే కావడానికి ఇంకో కారణం ఉంది. ఇక్కడి అడవుల గురించి శేఖర్ సింగ్ కమిషన్ ఇచ్చిన నివేదిక మీద 2002 మేలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో ద్వీపాల్లో వాణిజ్యం కోసం చెట్లు కొట్టడం ఆగింది. కలప స్థానికుల అవసరాలకే. మంచి పని. పాత ఇల్లు విప్పినప్పుడు వచ్చే దూలాలూ తలుపు చెక్కలూ దొరికితే అంతకంటే కావాల్సింది లేదు. అవి అరిగి, ఆరి, రంగు తేలి ఉంటాయి. మేకుల కన్నాలు దాచమని వడ్రంగిని అడక్కండి.

పరుపు విషయం రెండు మాటల్లో అయిపోతుంది. బద్దల మీద రబ్బరు కలిపిన కొబ్బరిపీచు, దాని మీద పలచగా లేటెక్స్. రెండింటిలోంచీ గాలి ఆడుతుంది. గుడ్డ దగ్గర కాస్త ఆగాలి. శ్రీకాకుళం మూలాలున్న ఇళ్లలో పొందూరు ఖద్దరు మీద మమకారం సహజం. వాలుగ చేప దవడతో దూది శుభ్రం చేసి వడికిన నూలు అది. సోఫాకి వేస్తే నెల తిరక్కుండా నలిగిపోతుంది, దాన్ని పంచెలకే ఉంచండి. జంపఖానా నేతలో ముతక నూలు, రంగు వేయని ముడి తెలుపు అయితే పడౌక్ ఎరుపు దాని పక్కన గొంతు పెంచకుండానే వినపడుతుంది. నీలం వేస్తారు చాలామంది, కిటికీలో సముద్రం ఉంది కదా అని. కిటికీలో ఉన్నది చాలదా?

పెద్దవాళ్ల అభ్యంతరం ఒకటుంది, అది న్యాయమైనదే. జంగ్లీఘాట్‌లో ఒక పిన్నిగారు కొత్త సోఫా మీద దర్జాగా ఒరిగి, అరగంట తర్వాత రెండు చేతులూ చాచి అడిగారు: "ఏటి బాబూ, ఇంత కిందకెట్టీసినారు? కూకోడం బాగానే ఉంది, లెగడం ఎలాగ?" మోకాళ్లతో సౌందర్యశాస్త్రం వాదించలేదు. అక్కడ విడిభాగాల పద్ధతే ఆదుకుంటుంది: ఒక్క ముక్క మాత్రం 18 అంగుళాల ఎత్తున, చేతికి పట్టు దొరికేట్టు కర్ర అంచు పైకి లేపి, గుమ్మం వైపు కొసన చేయించాలి. కింది ఖాళీ దానికి పది అంగుళాలు వస్తుంది. మనవలు చెప్పులూ బంతులూ అందులోకే తోస్తారు. పిన్నిగారు పైనుంచి అందరినీ చూస్తూ, ఎవరు ఎప్పుడు లేవాలో చెబుతుంటారు.