మౌంటు మారితే

కెమెరా కంపెనీ మార్చానని చెప్పగానే అందరూ బాడీ ధరే అడుగుతారు. చేతి చమురు వదిలేది లెన్సుల దగ్గర. నికాన్ వదిలి కేనన్‌కి వచ్చాక నా 200-500 లెన్సు అమ్మక తప్పలేదు. నికాన్ పాత ఎఫ్ మౌంటు నుంచి సెన్సరుకు దూరం 46.5 మిల్లీమీటర్లు, కేనన్ ఆర్‌ఎఫ్‌లో 20. మధ్యలో అడాప్టరుకు చోటైతే ఉంది. కానీ ఆ లెన్సులో ఆటోఫోకస్, అపర్చర్ రెండూ బాడీ పంపే సంకేతాలతోనే నడుస్తాయి. ఉత్త లోహపు రింగు పెడితే రెండూ పోతాయి.

ఉప్పలపాడు పక్షుల ఫొటోల కోసమే అయితే ఈ ఖర్చు దండగ. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెరువులోని చెట్ల మీదే గూళ్లు కడతాయి. గట్టున నిలబడి ఓపిగ్గా చూసేవాడికి పాత కెమెరా చాలు.

నన్ను మార్చింది పాలపిట్ట. ప్రత్తిపాడు వైపు పత్తి విచ్చిన చేలల్లో, కరెంటు తీగ మీంచి పురుగు కోసం అది కిందికి దూకుతుంది. ఆ నీలిరెక్కలు విప్పే లోపే నా పాత కెమెరా వెనకున్న తెల్లటి దూదిని పట్టుకునేది. 2020లో వచ్చిన ఆర్5 పక్షి కన్ను వెతికి పట్టుకుంటుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ పెడితే చప్పుడు కూడా ఉండదు. అయితే సెన్సరు బొమ్మను వరసవరసగా చదువుతుంది కనక వేగంగా కొట్టుకునే రెక్క వంకరగా పడొచ్చు. ఎగిరే పిట్టకు నేను మెకానికల్ షట్టరే వాడతాను, చప్పుడైతే అయింది.

మిర్చి కోతల కాలంలో ఇంకో తంటా. కల్లాల దగ్గర లేచే దుమ్ము, ఘాటు మనకే కాదు, సెన్సరుకూ పడవు. మిర్రర్‌లెస్‌లో దాని ముందు అద్దం ఉండదాయె. స్విచ్ ఆపగానే షట్టర్ మూసుకునే ఏర్పాటు కొంత కాపాడుతుంది. అయినా లెన్సు మార్చేది కారులో, అద్దాలు ఎత్తాకే.

వేళ్ల సంగతి ఎవరూ ముందు చెప్పరు. నికాన్ లెన్సు బిగించే వైపు కేనన్ లెన్సు ఊడుతుంది. అందుకే, మారదలుచుకుంటే ఎండాకాలంలో మారండి. చలికాలపు పక్షులు వచ్చేసరికి చెయ్యి తిరుగుతుంది. అంతవరకూ కాకుల మీద సాధన చేసుకోవచ్చు, మన ఊళ్లలో వాటికేం కొదవ!