జాంబీ వచ్చేలోపు

దెయ్యానికున్న వేగం జాంబీకి లేదు. 1968లో జార్జ్ రొమెరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీసిన నాటి నుంచీ అది కాళ్లీడ్చుకుంటూనే వస్తోంది. తర్వాత్తర్వాత పరుగెత్తే జాంబీలూ వచ్చాయి గానీ, నవ్వుకోవాలంటే నాకు ఆ పాత నత్తనడక జాంబీయే కావాలి. అది గుమ్మం దాకా చేరేలోపు లోపలున్నవాళ్లు వాదులాడుకోవడానికి బోలెడంత టైం దొరుకుతుంది. ఈ సినిమాల్లో నవ్వంతా పుట్టేది ఆ టైంలోనే. శవం నవ్వించదు. శవం మీదికొస్తున్నా తన పని తాను మానుకోని మనిషి నవ్విస్తాడు.

ఎడ్గర్ రైట్ 2004లో తీసిన 'షాన్ ఆఫ్ ది డెడ్' చూడండి. లండన్‌లో ఓ మామూలు ఇంటి పెరట్లోకి రెండు జాంబీలొస్తాయి. షాన్, అతని స్నేహితుడు ఎడ్ చేతికందినవన్నీ విసిరేసి, చివరికి పాటల రికార్డుల పెట్టె పట్టుకొస్తారు. జాంబీలు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. అయినా షాన్ ఒక్కో రికార్డూ విసరాలా వద్దా అని తేల్చుకుంటున్నాడు. ప్రిన్స్ పాటల్లో 'పర్పుల్ రెయిన్' జోలికి పోకూడదు, 'బ్యాట్‌మన్' పోయినా ఫర్వాలేదు! ప్రాణం మీదికొచ్చినా తన ఇష్టాయిష్టాలు వదులుకోని ఆ కుర్రాడి మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుడుతుంది. అదే సినిమాలో అతని తల్లిని జాంబీ కరుస్తుంది. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఇష్టంలేక ఆమె ఆ సంగతి దాచుకుంటుంది. అప్పటిదాకా నవ్విన నవ్వు అక్కడ గొంతులో అడ్డం పడుతుంది. ఆ రెండు సీన్లూ ఒకే సినిమాలో ఇమిడాయంటే, అది రాతలో ఉన్న బలం.

మనవాళ్లకూ ఈ దారి కొత్తేమీ కాదు. తిరుపతిలో ఇంజినీరింగ్ చదివిన రాజ్, డీకే 2013లో హిందీలో 'గో గోవా గాన్' తీశారు. 2021లో ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి'ని కర్నూలు ఫ్యాక్షన్ మధ్యకు తీసుకెళ్లాడు. పగలూ ప్రతీకారాలూ ఉన్నచోటికి జాంబీలు రావడమన్న ఆలోచనే నాకు భలే నచ్చింది. ఆ పాత కక్షకు ఇంకాస్త చోటిచ్చి, హడావిడి కొంత తగ్గించి ఉంటే ఇంకా బాగుండేది.

అయితే ఈ కోవలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది షినిచిరో ఉయెదా తీసిన జపాన్ సినిమా 'వన్ కట్ ఆఫ్ ది డెడ్'. చూడనివాళ్లు ముందు సినిమా చూసి, ఆ తర్వాత మిగతాది చదవమని నా విన్నపం.

మొదటి 37 నిమిషాలు ఒకే షాట్. పాడుబడ్డ నీళ్ల ప్లాంటులో జాంబీ సినిమా తీస్తున్న బృందం మీదికి నిజం జాంబీలు వస్తాయి. చూస్తుంటే ఏదో తేడాగా ఉంటుంది. ప్రాణభయంతో ఉన్నవాళ్లు ఉన్నట్టుండి నిలబడి హాబీల గురించి మాట్లాడుకుంటారు. కెమెరా కాసేపు నేలమీద పడి ఉంటుంది. సౌండ్ మనిషి చెప్పాపెట్టకుండా బయటికి పరుగెడతాడు. ఆ తర్వాత సినిమా వెనక్కి వెళ్లి, ఇదంతా టీవీలో లైవ్‌గా వెళ్తున్న షో అని చూపిస్తుంది. కెమెరామన్ నడుం పట్టేసి పడిపోతే, అసిస్టెంటు అమ్మాయి కెమెరా అందుకుంది. సౌండ్ మనిషికి తాగిన నీళ్లు పడక కడుపు పాడైంది. ఒక నటుడు తాగి ఒళ్లు తెలియకుండా పడి ఉంటే, వెనకనుంచి పట్టుకుని అతనిచేత జాంబీ వేషం వేయించారు. ఇందాక పేలవంగా అనిపించిన ప్రతి క్షణం వెనకా ఎవరో ఒకరు చెమటోడ్చారని తెలుస్తుంటే, నవ్వుతూనే కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

పరిషత్తు నాటకాలకు తెర వెనక పనిచేసినవాణ్ణి గనక ఆ చెమట వాసన నాకు తెలుసు. రావాల్సిన పాత్ర రాకపోతే, స్టేజీ మీదున్నవాళ్లు లేని డైలాగులు కల్పించి సాగదీస్తారు. పక్కనుంచి మేం చేతులూపుతూ ఇంకాస్త, ఇంకాస్త అంటాం. ఆ కంగారునీ, అందులోని ఆనందాన్నీ ఇంత నిజంగా చూపించిన సినిమా నేను మరొకటి చూడలేదు. చివరి షాట్‌కు క్రేన్ పాడైపోతే, బృందమంతా ఒకరి మీద ఒకరెక్కి మనుషులతోనే క్రేన్ కడతారు. కెమెరా పట్టుకుని అందరికన్నా పైన ఉన్నది ఆ లైవ్ షో దర్శకుడి కూతురు.

దీని ఖర్చు దాదాపు 30 లక్షల యెన్లు. 2018లో టోక్యోలో రెండే థియేటర్లలో మొదలై, ఒకరికొకరు చెప్పుకోవడంతోనే 300 కోట్ల యెన్లు దాటింది. ఫ్రెంచ్‌వాళ్లు మళ్లీ తీసి 2022 కాన్ ఉత్సవాన్ని దాంతోనే మొదలుపెట్టారు. తెలుగులో ఎవరైనా తీస్తామంటే పరిషత్తు నాటకాన్ని తీసుకోమంటాను. పోటీ రోజు, గంట టైము, రాని హీరో, పోయిన కరెంటు, ముందు వరసలో న్యాయనిర్ణేతలు. అక్కడికి జాంబీలొచ్చినా మావాళ్లు నాటకం ఆపరు.