46, 58, 70… మధ్యలో 64

ఆకాశం ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ డిగ్రీని జాతకుడి ఆయుష్షులో ఒక ఏడాదిగా తీసుకునే పద్ధతి పాశ్చాత్య జ్యోతిషంలో ఉంది. దాన్ని ప్రైమరీ డైరెక్షన్స్ అంటారు. అంటే అరవై ఏళ్ల జీవితం పుట్టిన తొలి నాలుగు గంటల ఆకాశంలోనే ఇమిడిపోతుంది. మన వింశోత్తరి దశలకైతే చంద్రుడు ఏ నక్షత్రంలో ఎంత నడిచాడో తెలిస్తే చాలు. ఇక్కడ అలా కుదరదు. క్రాంతి కావాలి, విషువాంశ కావాలి, పుట్టిన ఊరి అక్షాంశానికి చరం కట్టాలి. ఆ పనంతా ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేసేస్తోంది. బటన్ నొక్కితే పేజీలకు పేజీలు పట్టికలు వస్తాయి. వాటిలో ఒక్క అంకె సరైనదో కాదో తేల్చుకోవడం ఎలా?

చాలామంది ఇంకో సాఫ్ట్‌వేర్ తెరిచి పోల్చి చూస్తారు. రెండూ కలవవు. ఏది తప్పో తెలియదు. అసలు తప్పంటూ ఉందో లేదో కూడా తెలియదు. నేను కొన్నేళ్లు అలాగే తిప్పలు పడ్డాను. చివరికి దారి చూపింది క్రీస్తుశకం రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టోలెమీ వేసి పెట్టిన ఒక ఉదాహరణ. ఆయన టెట్రాబిబ్లోస్ మూడో పుస్తకంలో ఆయుర్దాయం అధ్యాయంలో అది ఉంది. ఒక పేజీకి మించదు. లెక్కల్లో అంత శుభ్రమైన పనితనం నేను అరుదుగా చూశాను.

లెక్క ఇది. మేషాది బిందువు ఒకటి, మిథునాది బిందువు ఒకటి. ఇప్పుడు మేషాది ఉన్న చోటికి ఆకాశం తిరుగుతూ మిథునాదిని తీసుకురావడానికి ఎన్ని డిగ్రీలు పడుతుంది? అన్నేళ్లు. టోలెమీ ఎంచుకున్న ప్రదేశం ఈజిప్టు దిగువ ప్రాంతం. అక్కడ అతి పెద్ద పగలు 14 గంటలు, అక్షాంశం 30 డిగ్రీల 22 నిమిషాలు.

ఆ ఎంపికలోనే ఆయన నేర్పు చూడండి. మేషాది సరిగ్గా విషువద్వృత్తం మీద ఉంటుంది. దానికి క్రాంతి సున్నా, విషువాంశ సున్నా, ఏ ఊళ్లోనైనా చరం సున్నా. పగలంతా పన్నెండు హోరలు చేస్తే ఒక్కో హోర కచ్చితంగా 15 డిగ్రీలు. అంటే రెండు బిందువుల్లో ఒకదాని బరువు పూర్తిగా దించేశాడు. మిగిలింది మిథునాది ఒక్కటే. దానికి కావలసిన అంకెలు రెండే: విషువాంశ 58, పగటి హోర 17 డిగ్రీలు. ఇక కలపడం, తీసేయడం, మూడుతోనో ఆరుతోనో గుణించడం. చదివేవాడు నోటితో వేసుకోవచ్చు.

మొదట మేషాదిని ఉదయ లగ్నంలో పెట్టాడు. అప్పుడు మిథునాది మధ్యాహ్న రేఖకు 148 డిగ్రీల దూరంలో ఉంటుంది. ఆరు హోరలు, హోరకు 17 చొప్పున 102. 148లోంచి 102 పోతే 46. తర్వాత మేషాదిని నడినెత్తిన పెడితే 58. పడమట అస్తమిస్తుండగా పెడితే మిథునాది మధ్యాహ్న రేఖ దాటి 32 డిగ్రీలు దిగి ఉంటుంది కాబట్టి 102లోంచి 32 పోయి 70.

అసలు సొగసు నాలుగో స్థానంలో ఉంది. మేషాది మధ్యాహ్న రేఖ దాటి మూడు హోరలు పడమటికి వాలింది, అంటే నడినెత్తికీ అస్తమయానికీ సరిగ్గా సగం. అప్పుడు మిథునాది మధ్యాహ్న రేఖకు ఇంకా 13 డిగ్రీలు తూర్పున ఉంటుంది. అది ముందు ఆ 13 ఎక్కాలి, ఆపైన తనూ మూడు హోరలు దిగాలి. మూడు పదిహేళ్లు 51. మొత్తం 64. అక్కడితో ఆగలేదాయన. నడినెత్తిన 58, పడమట 70, తేడా 12, ఆరు హోరలకు 12 అయితే మూడింటికి 6, 58కి 6 కలిపితే మళ్లీ 64 అని ఇంకో దారిలో వచ్చి చూపించాడు. ఒకే అంకెకు రెండు తోవలు వేసిన వాడికి తన లెక్క మీద ఎంత గురి ఉండాలి!

ఆ మొదటి 46 మాత్రం కాస్త మొరటుగా ఉంది. ఆయన కాలానికి వాడిన క్రాంతివృత్తపు వాలు 23 డిగ్రీల 51 నిమిషాలు. దాంతో పూర్తిగా వేసి చూస్తే 147°44'లోంచి 102°39' పోయి 45°05' వస్తుంది. పై అంకెను 148కి పెంచి, కింది అంకెను 102కి తగ్గించేసరికి ఒక డిగ్రీకి దగ్గరగా పేరుకుంది. సాఫ్ట్‌వేర్ 45 చూపిస్తే కంగారు పడనక్కర్లేదన్నమాట.

ఈ అంకెను మన పంచాంగ గణితంతో వేసి చూద్దామనిపించింది. లగ్నమానాలు కట్టే పద్ధతి సిద్ధాంతులందరికీ కొట్టిన పిండి. విషువ దినాన మిట్టమధ్యాహ్నం 12 అంగుళాల శంకువు నీడే పలభ. టోలెమీ ఎంచుకున్న అక్షాంశానికి అది దాదాపు సరిగ్గా 7 అంగుళాలు. పలభను 10తో, 8తో గుణిస్తే మేషానికి, వృషభానికి చరఖండాలు 70, 56 విఘడియలు. లంకోదయ మానాలు 278, 299. 1520లో గణేశ దైవజ్ఞుడు రాసిన గ్రహలాఘవంలో ఉన్న అంకెలే ఇవి. 278లోంచి 70 పోతే 208. 299లోంచి 56 పోతే 243. రెండూ కలిపితే 451 విఘడియలు. పది విఘడియలకు ఒక డిగ్రీ. 45.1.

ఆ అంకె చూసి నేను కాసేపు అలాగే ఉండిపోయాను. సైన్ పట్టిక తెరవలేదు, కాలిక్యులేటర్ ముట్టుకోలేదు. నీడ కొలత ఒకటి, నోటికొచ్చిన నాలుగు అంకెలు. అస్తమయానికి చరం కలపాలి: 577, 126 కలిపి 703. అంటే 70.3. నడినెత్తిన చరంతో పని లేదు: 57.7. మూడూ టోలెమీ పక్కనే వచ్చి నిలబడ్డాయి.

ఇక సాఫ్ట్‌వేర్ పరీక్ష. నాలుగో స్థానానికి, మేషాదిలో ఒక గ్రహం నిలబడి ఉండాలి, శరం ఉండకూడదు. ఆ గ్రహం రవే. వసంత విషువత్ క్షణంలో ఆయన అక్కడే ఉంటాడు. 2023 మార్చి 20న, యూనివర్సల్ టైమ్ ప్రకారం 21 గంటల 24 నిమిషాలకు ఆ క్షణం వచ్చింది. అదే వేళకు అక్షాంశం 30°22' మీద స్థానిక నక్షత్ర కాలం సరిగ్గా 3 గంటలయ్యే చోటు వెతికితే, పశ్చిమ రేఖాంశం 94°15' దగ్గర తేలింది. మన తెలుగువాళ్లు ఎందరో ఉండే హ్యూస్టన్‌కు తూర్పున, టెక్సస్‌లోని బోమాంట్ పట్టణానికి కాస్త పైన. అదే క్షణంలో సూర్యుడు ఉదయిస్తున్న చోటు కావాలంటే, జపాన్‌వాళ్లు రాకెట్లు ప్రయోగించే తనెగషిమా దీవి దక్షిణ కొన దాపులకు వెళ్లాలి. మిగతా రెండు స్థానాలూ సముద్రంలో పడతాయి. లెక్కకు నీళ్లయినా నేలయినా ఒకటే.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో రవి తన సొంత 60 డిగ్రీల దృష్టి బిందువును ఎప్పుడు అందుకుంటాడో చూడాలి. అది మిథునాదే. మన అలవాటు కొద్దీ అయనాంశ పెట్టి ఉంచితే అంతా తారుమారవుతుంది. సాయన రాశిచక్రం పెట్టుకోవాలి. నేటి వాలు 23°26' కాబట్టి రావలసిన చాపాలు ఇవి: ఉదయంలో 45°24', నడినెత్తిన 57°49', అస్తమయంలో 70°14', మూడో హోరలో 64°02'. ఏళ్ల గడి కాదు, చాపం గడి చూడాలి. పదహారో శతాబ్దపు వాలెంటిన్ నైబోడ్ కొలత ప్రకారం ఏడాదికి 59 నిమిషాల 8 సెకన్లు తీసుకునే సాఫ్ట్‌వేర్ అయితే 64°02'ను దాదాపు 65 ఏళ్లుగా చూపిస్తుంది. చాపం తప్పలేదు, మారకం రేటు మారిందంతే.

నేను మొదట పరీక్షించిన సాఫ్ట్‌వేర్ తొలి మూడూ కచ్చితంగా ఇచ్చింది. నాలుగోది 66°34' చూపించింది. రెండున్నరేళ్ల తేడా! దోషం దొరికిందనుకున్నాను. రాత్రి కూర్చుని చేత్తో వేశాను. తప్పు దానిది కాదు. అది 1436లో పుట్టిన జర్మన్ గణితజ్ఞుడు రెజియోమోంటానస్ తోవలో నడుస్తోంది. ఆయన డైరెక్షన్స్ పట్టికలు 1490లో ఆగ్స్‌బర్గ్‌లో అచ్చయ్యాయి. హోరల నిష్పత్తిని ఆయన పట్టించుకోడు. దిగంతంలోని ఉత్తర, దక్షిణ బిందువుల మీదుగా గ్రహం గుండా ఒక వృత్తం గీసి, ఆ వృత్తమే ఆ గ్రహానికి దిగంతమన్నట్టు చరం కడతాడు. మేషాది 45 డిగ్రీలు వాలిన చోట ఆ చరం 8°45' వస్తుంది. 57°49'కి అది కలిపితే 66°34'. పదిహేడో శతాబ్దంలో టోలెమీ హోరలను మళ్లీ పట్టుకొచ్చినవాడు ఇటలీ సన్యాసి ప్లాసిడస్.

లగ్నం మీద, నడినెత్తిన, అస్తమయంలో ఈ రెండు పద్ధతులూ ఒకటే జవాబిస్తాయి. విడిపోయేది మధ్యలోనే. మూడు స్థానాలతో ఆగకుండా టోలెమీ నాలుగోది ఎందుకు వేశాడో నాకు ఆ రాత్రి బోధపడింది. ఆయన ఉద్దేశం తన పద్ధతి మధ్యలో ఎలా నడుస్తుందో చూపడమే. నా చేతికి మాత్రం అది ఆ రాత్రి గీటురాయిగా దొరికింది. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో మూడు తెరల లోపల పద్ధతి పేరున్న గడి ఉంది. అక్కడ ప్లాసిడస్ అని మార్చి మళ్లీ నొక్కాను. 64°02' వచ్చింది.