సమాధానశబ్దవిచారము

తెలుఁగు బైబిలునందు యుద్ధనివృత్తిని బోధించు ఘట్టములలోఁ బ్రధానమైన శబ్దము 'సమాధానము'. మత్తయి సువార్త 5వ అధ్యాయమునఁ గొండమీఁది ప్రసంగములో ధన్యులుగాఁ జెప్పఁబడినవారిలో 'సమాధానపరచువారు'ను గలరు. ప్రత్యుత్తరార్థమున రూఢమైన పదమును శాంత్యర్థమునఁ బ్రయోగించుట పాదరీల తెలుఁగని పండితులలోఁ గొందఱి యాక్షేపము. పాలమూరు సీమయందుఁ గొత్తకోట, వనపర్తి ప్రాంతముల క్రైస్తవుల ప్రార్థనలలో నీపదము నిత్యవ్యవహారమున నున్నది గావున దీని సాధుత్వము విచారింపఁదగినది.

'శాంతి' శమధాతువుపైఁ క్తిన్ ప్రత్యయము చేరఁగా నిష్పన్నము. ఉపశమమే దాని యర్థము. అది యొక యవస్థ. 'సమాధాన'మన్ననో సమ్, ఆఙ్ అను నుపసర్గలతోఁ గూడిన ధాధాతువుపై ల్యుట్టు చేరఁగా నేర్పడినది. విడిపోయినవానిని జక్కఁగాఁ గూర్చి నిలుపుట దాని యవయవార్థము. ఇది యొక క్రియ. శాస్త్రములందు నాక్షేపమునకుఁ జెప్పు సమాధానమును విరుద్ధములుగాఁ దోఁచు వాక్యములను గూర్చుటయే. కాఁబట్టి రూఢ్యర్థము యోగార్థమునకు బాధకము గాదు. వేదాంతులు శమాదిషట్కమున సమాధానమును జేర్చిరి. ప్రతీకారము గోరక దుఃఖమును సహించు తితిక్షయు నందే పఠింపఁబడినది. ఈరెంటి సాహచర్యము ప్రకృతార్థమునకు మిక్కిలి యనుకూలము.

అట్లైన 'సంధి' యనరాదా యని శంక. సంధియు ధాధాతుజమే. కాని రాజనీతియందు సంధివిగ్రహములు షాడ్గుణ్యమునఁ జేరినవి. బలాబలములను బట్టి రాజు దేనినైన నవలంబింపవచ్చును. ఉద్యోగపర్వమున శ్రీకృష్ణరాయబారము సంధియత్నము. అది విఫలము గాఁగా యుద్ధము ధర్మ్యమైనది. సువార్తయందలి విధి యట్టిది గాదు. ఎదిరివాఁ డంగీకరింపకున్నను, శత్రువును బ్రేమింపవలె నను నాజ్ఞ నిలిచియే యుండును. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములుండిన సీమలో సంధి ప్రభువుల పని; సమాధానము సామాన్యునికిని విధి. అనువాదకులు సంధిశబ్దమును విడుచుట యుక్తమే.

అనువాదమున దోషము లేకపోలేదు. గ్రీకుమూలమున 'ఐరేనే' యను నొక్కపదమే యుండఁగా, యోహాను సువార్త 14వ అధ్యాయమున 'శాంతి' యనియు, ఫిలిప్పీయుల పత్రిక 4వ అధ్యాయమున 'సమాధాన' మనియు వ్రాసిరి. రెండు తావులను జెప్పఁబడినది హృదయస్థమైన శాంతియే. అంతరంగమునకు శాంతియు, మనుష్యుల పరస్పరసంబంధమునకు సమాధానమును నియమించి యుండిన నర్థము స్ఫుటమై యుండెడిది.

మత్తయి 10వ అధ్యాయమున యేసు సమాధానమును గాక ఖడ్గమును దెచ్చితి ననుట యుద్ధవాదుల కాధారము. కాని యామాటకుఁ బిమ్మటఁ జెప్పఁబడినది గృహమునందలి భేదమే. 26వ అధ్యాయమున ఖడ్గము దూసిన శిష్యుఁడు వారింపఁబడినాఁడు. ముఖ్యార్థము బాధింపఁబడుటచే నిచట ఖడ్గశబ్దము లక్షణచే విభేదమును దెలుపును.

ఈశబ్దమునకు మఱియొక పరీక్ష కలదు. నల్లగొండయందు 1890లో మిషను నెలకొల్పిన అబ్రహాము ఫ్రీసెను దక్షిణరష్యానుండి వచ్చిన మెన్నొనైటు. 1899 నుండి యమెరికాయందలి మెన్నొనైటులును నిజాము రాజ్యమునకు వచ్చి, నాగర్‌కర్నూలు, వనపర్తి మొదలగుచోట్ల సంఘములను స్థాపించిరి. 16వ శతాబ్దివాఁడగు మెన్నో సైమన్సు పేరఁ బరఁగు వీరికి నాయుధత్యాగము మతధర్మము. రష్యాప్రభుత్వము 1874లో నిర్బంధసైనికసేవను విధింపఁగా ననేకులు స్వదేశమును విడిచిరి గాని యాధర్మమును విడువలేదు. అయినను 1918-19లోఁ గలహకాలమున ఫ్రీసెను జన్మసీమయగు మొలొచ్నాయందే కొంద ఱాత్మరక్షణకై దళములు గట్టి యాయుధములు ధరించిరి. ఆకృత్యము పిమ్మట నాసమాజముననే విమర్శకు గుఱియైనది.

దీనివలనఁ దేలునది: సమాధానశబ్దము వ్యాకరణముచేఁ జక్కఁగ సిద్ధించినను, ఆచరణముచేతనే సార్థక మగును. శాంతి యన్నచో నూరకుండుటయుఁ జాలునని భ్రమ కలుగవచ్చును. 'పరచు' అను క్రియతోఁ గూడిన సమాధానము కర్తను గోరును. తెలంగాణమున 1946-51 నడుమ నాయుధపోరాటమును, 1948 సెప్టెంబరులో సైనికచర్యను జూచిన యీమండలములకుఁ, గర్త యెవఁడను ప్రశ్న గ్రంథమాత్రము గాదు. పదమును దెలుఁగునకుఁ దెచ్చినవారు తమ పని ముగించిరి. కర్తృపదమును బూరించుట పఠించువారి వంతు.