ఊహకు తూకం

రోజూ బర్కత్‌పుర చమన్ దాకా నడిచే మా మావయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చినప్పుడల్లా, "లేవకపోయినా పర్లేదు సార్, గ్లాసు అందుకుంటున్నట్టు అనుకోండి" అనేవాడు. మావయ్యకు ఒళ్లు మండేది. "ఫీజు ఇచ్చానని కూడా అనుకుంటా, తీసుకుపొమ్మను!"

ఆ అనుకోవడం విలువెంతో తూచినవాళ్లున్నారు. వాళ్లలో ఒకరు రాజేశ్ రావు. మద్రాసులో పుట్టి, మన కంచన్‌బాగ్ కేంద్రీయ విద్యాలయలో చదివి, 1988లో స్కాలర్‌షిప్పు మీద అమెరికా వెళ్లారు. సియాటిల్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్. 2013లో తలకు ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టుకుని, చెయ్యి కదిపినట్టు ఊహించి, క్యాంపస్‌లో ఇంకోచోట కూర్చున్న తోటి పరిశోధకుడు ఆండ్రియా స్టోకో వేలిని కదిలించారు. పేపర్లన్నీ దాన్నే రాశాయి. నాకు మాత్రం 2010లో కై మిల్లర్ మొదటి పేరుగా, ఈయన చివరి పేరుగా అచ్చయిన పరిశోధనే పనితనంలో ఒక మెట్టు పైనుంటుంది.

పుర్రె మీంచి మెదడును వినడమంటే కల్యాణమండపం బయట నిలబడ్డట్టు: సన్నాయి వినబడుతుంది, మంత్రం తెలియదు. లోపలికి వెళ్లడానికి వీళ్లు కొత్తగా ఎవరి తలా తెరవలేదు. మూర్ఛరోగుల్లో కొందరికి, ఫిట్స్ ఎక్కడ పుడుతున్నాయో పట్టుకోవడానికి, డాక్టర్లు మెదడు మీదే ఎలక్ట్రోడ్లు పరిచి కొన్నాళ్లు ఉంచుతారు. అలాంటి ఎనిమిది మందితో ఈ పని జరిగింది.

అడిగిన తీరు చూడండి. ముందు చెయ్యో నాలుకో నిజంగా కదపాలి. తర్వాత కదపకుండా ఊహించాలి. అదీ సినిమాలా కళ్లముందు చూడటం కాదు, కదిపినప్పుడు కండకు తెలిసే బిగువును తలుచుకోవాలి. ఈ ఒక్క షరతులోనే సగం నేర్పు ఉందంటాను. సెకనుకు 76 నుంచి 100 సార్లు ఊగే అలలను ఒకవైపు, 8 నుంచి 32 సార్లు ఊగేవాటిని ఇంకోవైపు పెట్టి కొలిచారు. నిజం కదలికకు మెదడులో ఏ చోటు మేలుకుంటుందో, ఊహకూ దాదాపు అదే చోటు మేలుకుంది. బలం మాత్రం పావు వంతే. రూపాయికి నాలుగణాలు.

అప్పుడు ఆ ఊహను తెర మీది కర్సర్‌కు కలిపారు. అనుకుంటే కర్సర్ జరుగుతుంది, జరగడం కంటికి కనిపిస్తుంది. ఆ ఆట పట్టుబడేసరికి నాలుగణాలు కాస్తా రూపాయి దాటాయి! నిజంగా కదిపినప్పటికన్నా ఊహకే మెదడు ఎక్కువ స్పందించింది. ఈ పనిలో పాలుపంచుకున్న ఎబర్‌హార్డ్ ఫెట్జ్, కోతి తన మెదడులోని ఒక్క కణం జోరును ఫలితం చూసుకుంటూ పెంచుకోగలదని 1969లోనే చూపించినవారు.

ఆ ఎనిమిది మందీ పక్షవాతం రోగులు కారు. అందుకని దీన్ని వైద్యమనడానికి లేదు. ఆ మాట కూడా చేర్చే మావయ్యకు చెప్పాను. అంతా విని, బల్ల మీది స్టీలు గ్లాసు వంక చూస్తూ అన్నాడు:

"మరి నా తెర ఏదిరా?"