జనరేటర్ ఆపిన అరగంట

ఆవకాయలో నువ్వుల నూనెనా, వేరుశనగ నూనెనా అన్న తగువు ఈ వారం తేలుస్తానని మాటిచ్చాను. తేల్చలేను. మా మేనల్లుడు ఏదో పరీక్ష రాయడానికి వచ్చి, రెండ్రోజులుండి, హాల్లో టీవీకి తన యాపిల్ టీవీ ఖాతా తగిలించి మరీ వెళ్లాడు. బస్సెక్కే ముందు ‘‘మామయ్యా, ‘సైలో’ అని ఒకటుంది. ఒక్క ఎపిసోడ్ చూడు, నచ్చకపోతే ఫోన్ చేసి తిట్టు’’ అన్నాడు. తిట్టే ఉద్దేశంతోనే కూర్చున్నాను. రెండు సీజన్లూ అయిపోయాయి. ఫోన్ మాత్రం చేయలేదు.

ప్రళయం కథలతో నాకున్న పేచీ ఈ కాలమ్ పాత పాఠకులకు కొత్త కాదు. ప్రపంచం అంతమైందంటే చాలు, అమెరికాలో ఒక నగరం కూలుతుంది. గడ్డం పెరిగిన ఒకాయన పాపను వెంటేసుకుని ఖాళీ సూపర్ మార్కెట్లో డబ్బాలు ఏరుకుంటుంటాడు. శవాలు లేచి తిరగడం అదనపు ఆకర్షణ. ‘సైలో’లో ఈ సరంజామా ఏదీ లేదు. భూమిలోకి బావిలా దిగిన 144 అంతస్తుల కట్టడం, అందులో పదివేల మంది జనం. ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో తెలియదు. అన్నిటికన్నా పై అంతస్తులో క్యాంటీన్ ఉంది. అక్కడి పెద్ద తెర మీద బయటి బూడిదరంగు నేల కనిపిస్తుంది. ‘బయటికి పోతాను’ అని ఎవరైనా నోరు జారారా, పంపేస్తారు. పోతూ పోతూ కెమెరా అద్దం తుడిచి పొమ్మని చేతిలో ఉన్నిగుడ్డ పెడతారు. తుడుస్తారు, నాలుగడుగులు వేస్తారు, పడిపోతారు. లోపలివాళ్లు తిండి మానేసి చూస్తుంటారు. లిఫ్టు లేదు, మెట్లే. లిఫ్టు లేని పరిపాలన ఎంత గట్టి పరిపాలనో నాలుగో అంతస్తు ఆఫీసులో పెన్షన్ పని మీద తిరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంతవరకూ కుతూహలమే. నన్ను పట్టేసింది మూడో ఎపిసోడ్. అందరికన్నా అడుగున ఉండే మెకానికల్ విభాగంలో జూలియట్ అనే ఇంజనీరు (నటి రెబెకా ఫెర్గూసన్) ఉంటుంది. ఆ పదివేల మందికీ వెలుతురు, గాలి ఒకే ఒక్క జనరేటర్ మీద నడుస్తున్నాయి. అది వణుకుతోంది. ఏళ్ల తరబడి పైపై మరమ్మతులతో నెట్టుకొచ్చారే గానీ దాన్ని ఆపి విప్పి చూసిన పాపాన ఎవరూ పోలేదు. పైవాళ్లు జూలియట్‌ను షెరీఫ్‌గా రమ్మంటే, ముందు జనరేటర్ ఆపడానికి ఒప్పుకోండి, తర్వాతే మీ ఉద్యోగం అంటుందామె. ఆపితే మొత్తం చీకటి. అడుగు నుంచి వచ్చే ఆవిరికి దారి మూసుకుపోయి ఒత్తిడి పెరుగుతుంది. అరగంటలో పని ముగియకపోతే అంతా పేలిపోతుంది. మూత ఎత్తితే టర్బైన్ రెక్క ఒకటి వంగి ఉంది. పైన ఆ రెక్కను విప్పి సాపు చేస్తుంటే, కింద కాగిపోతున్న ఉక్కు తలుపు మీద జూలియట్ గొట్టంతో నీళ్లు కొడుతూ ఉంటుంది. విలన్ లేడు, తుపాకీ లేదు. రిపేరు. అంతే. మా ఇంట్లో పప్పు మాడింది.

ఎవరు తీశారా అని వెతికాను. ఈ సిరీస్‌కు రూపకర్త గ్రాహం యోస్ట్. 1994లో వచ్చిన ‘స్పీడ్’ సినిమా రాసింది ఈయనే. గంటకు యాభై మైళ్లకు తగ్గితే పేలిపోయే బస్సు! బస్సును ఆపకూడదు, జనరేటర్‌ను ఆపక తప్పదు. ముప్పై ఏళ్లలో ఆ పనిమంతుడు సూత్రాన్ని తిరగేశాడు తప్ప వదల్లేదు.

మూలకథ రాసిన హ్యూ హౌవీ సంగతి ఇంకా బాగుంటుంది. పుస్తకాల షాపులో పనిచేస్తూ 2011లో ‘వుల్’ అనే పెద్ద కథ రాసి, సొంతంగా ఈ-బుక్‌గా పెట్టాడు. కథ చివర షెరీఫ్ చచ్చిపోతాడు. అక్కడితో సరి అనుకున్నాడు. తర్వాత ఏమైందని చదివినవాళ్లు వెంటపడ్డారు. హీరోను ముందే చంపేసుకున్నవాడు కథ ఎలా సాగదీయాలి? అడుగు అంతస్తుకు దిగి జూలియట్‌ను పట్టుకొచ్చాడు. మరో నాలుగు భాగాలు రాసి, 2012 మొదట్లో అన్నీ కలిపి ఒక పుస్తకం చేశాడు.

అంటే సీరియలే! ఇక్కడ నన్ను ఆపడం కష్టం. ఆంధ్రభూమి వీక్లీలో యండమూరి ‘తులసిదళం’ వస్తున్న రోజులు. మా పెద్దమ్మ వీక్లీ రాగానే ముందు సీరియల్ చదివి, ఆనక ఆ పేజీలు జాగ్రత్తగా చించి బియ్యం డబ్బా మీద దాచేది. సీరియల్ ముగిశాక దబ్బనంతో కన్నాలు పొడిచి, పురికొసతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసేది. వెనక వైపు సగం జోకులు, సగం వంకాయ కూర, తలనొప్పి మాత్ర ప్రకటన. ఒక బైండులో ఒక వారం లేదు. ఎవరో చదివి ఇస్తామని పట్టుకెళ్లి తిరిగివ్వలేదు. పెద్దమ్మ పక్కింటి పిన్నిగారిని కూర్చోబెట్టి కథ చెప్పించుకుని, రూళ్ల కాగితం మీద తన చేత్తో రాసి మధ్యలో కుట్టింది. అందులో సంభాషణలన్నీ ‘ఏమే, ఒసే’ అని పిన్నిగారి ధోరణిలో ఉండేవి. మాకు ఆ వారమే ఎక్కువ నచ్చేది.

వారం ఆగడంలోనే సీరియల్ రుచి ఉందని, అన్నీ ఒకేసారి గుమ్మరించే కొత్త పద్ధతి కథకు చేటని ఇక్కడే ఎన్నోసార్లు వాదించాను. ‘సైలో’ కూడా 2023 మే 5న మొదలై, మొదటి రెండు ఎపిసోడ్ల తర్వాత శుక్రవారానికొకటి చొప్పున జూన్ 30 దాకా వచ్చింది. నా వాదానికి సాక్ష్యం దొరికిందని ఎగిరి గంతేయాలి. కానీ నేను చూసింది అలా కాదు, రాత్రికి మూడు చొప్పున. పట్టు ఎక్కడా సడలలేదు. పెద్దమ్మ బైండ్లు మాత్రం మేమెలా చదివాం? వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టేవేళకు ముగించేవాళ్లం. ఏడెనిమిది నెలలు జనాన్ని ఊరించిన కథ మాకు ఒక్క పూట పట్టేది. అయినా రుచి తగ్గలేదు. కొన్ని బైండ్లు మాత్రం పదో వారం దగ్గర మా చేతుల్లోంచి జారిపోయేవి. అవి వారం వారం వచ్చినప్పుడు ఊరంతా చదివినవే.

కాబట్టి ఎదురుచూపు కథకు ప్రచారమే తప్ప బలం కాదు. ప్రతి భాగంలోనూ ఒక పని మొదలై, ముగిసి, దాని ఖరీదు తెలియాలి. రెక్క వంగింది, సాపు చేశారు, దీపాలు వెలిగాయి. అప్పుడు తర్వాతి భాగం వారానికొచ్చినా, పది సెకన్లకొచ్చినా ఒకటే. ఇంకోటి, ముగింపు తెలియాలి. నాలుగు సీజన్లతో ఆపేస్తామని ‘సైలో’వాళ్లు 2024 డిసెంబరులోనే చెప్పారు. మన టీవీ సీరియల్ ‘కార్తీకదీపం’ 1,500 ఎపిసోడ్లు దాటి 2023 జనవరిలో ముగిసింది, మరుసటి ఏడాదే మళ్లీ వెలిగింది. మా ఆవిడ దానికి ‘పని’ లేకపోతేనేం, కథానాయిక దీప ఉందిగా అంటుంది. ఆ వాదనకు నా దగ్గర జవాబు లేదు.

చూడాలనుకున్నవాళ్లకు ఒక్కమాట. మొదటి రెండు ఎపిసోడ్లు చూసి మానేయకండి, మూడోది కూడా చూడండి. జనరేటర్ మళ్లీ తిరిగాక కూడా మీకు నిద్ర వస్తే నిశ్చింతగా టీవీ కట్టేయండి. నేను ఇంకేం వాదించను.